బిర్యానీ నెయ్యి, చాయ్, మెహందీ, రక్తం: ఏ మరకకు ఏ మందు?

ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద ఒక చెంచా హలీం, వలీమాలో ఒక ముద్ద బిర్యానీ, చాంద్ రాత్ నాడు చేతి నుంచి రాలిన కాస్త మెహందీ. వేల రూపాయలు పోసి కుట్టించుకున్న జోడా పాడవడానికి ఇంతకంటే ఎక్కువ అక్కర్లేదు. అయితే చాలాసార్లు బట్టను పాడు చేసేది మరక కాదు, మరక పడ్డాక కంగారులో చేసే పని. రక్తం మీద వేడినీళ్లు పోస్తారు. తుప్పు మరక మీద బ్లీచింగ్ వేస్తారు. పట్టు మీద వాషింగ్ సోడా రుద్దుతారు. మామూలుగా అయితే పోయే మరక ఇలాంటి పనుల వల్ల శాశ్వతంగా ఉండిపోతుంది.

అందుకే మరక ఎంత పెద్దది అన్నదానికంటే అది దేనిది అన్నది ముందు చూడాలి. రక్తం, పాలు, పెరుగు, గుడ్డు, చంటిపిల్లలు కక్కిన పాలు, చెమట ఇవి మాంసకృత్తుల మరకలు. వీటికి చన్నీళ్లే మందు. నెయ్యి, నూనె, కూరల మీద తేలే రోగన్, అత్తర్ ఇవి జిడ్డు మరకలు. నీళ్లకు లొంగవు, సబ్బు నురగ కావాలి. చాయ్, పండ్ల రసం, పాన్, పసుపు, మెహందీ ఇవి రంగు మరకలు. చివరిది తుప్పు. దాని దారే వేరు.

మన ఇళ్లలో చిక్కు ఏంటంటే, మరక ఒక్క రకంది అరుదుగా ఉంటుంది. బిర్యానీలో నెయ్యి ఉంది, పసుపు ఉంది, పెరుగు ఉంది. చాయ్‌లో పాలు, చక్కెర, ఆకు రంగు మూడూ ఉన్నాయి. ఇలాంటి చోట ఏది ముందు తీయాలి, ఏది తర్వాత తీయాలి అన్న వరసే అసలు సంగతి.

తొలి అయిదు నిమిషాలు

పడిన వెంటనే రుద్దకూడదు. దావత్‌లో అందరూ చేసేది ఇదే, తడి టిష్యూ తీసుకుని గట్టిగా రుద్దేస్తారు. దాంతో రూపాయి బిళ్లంత మరక అరచేతి అంత అవుతుంది, పైగా పోగుల లోపలికి దిగుతుంది. ముందు చెంచా వెనక భాగంతో గానీ, పాత ఏటీఎం కార్డు అంచుతో గానీ పైన ఉన్నదాన్ని ఎత్తి తీసేయాలి. తర్వాత తెల్ల గుడ్డతో గానీ పొడి టిష్యూతో గానీ అద్దాలి. అద్దేటప్పుడు అంచు నుంచి మధ్యకు రావాలి, మధ్య నుంచి అంచుకు కాదు. రంగు గుడ్డ వాడితే దాని రంగు కూడా అంటుకుంటుంది, అందుకే తెల్లది.

ఇంటికి వచ్చాక బట్టను తిరగేసి, మరక వెనక వైపు నుంచి నల్లా ధార పెట్టాలి. ముందు వైపు నుంచి పోస్తే మరక బట్ట లోపలికి వెళ్తుంది, వెనక నుంచి పోస్తే బయటికి వస్తుంది. ఇంత చిన్న విషయంతో సగం పని అయిపోతుంది.

ఇంకో రెండు అలవాట్లు చేసుకోవాలి. ఏ మందు వాడినా ముందు లోపలి కుట్టు దగ్గర ఒక చుక్క వేసి, పది నిమిషాలు ఆగి, తెల్ల గుడ్డతో అద్ది చూడాలి. బట్ట రంగు గుడ్డకు అంటితే ఆ మందు ఆ బట్టకు పనికిరాదు. రెండోది, మరక పూర్తిగా పోయిందని వెలుతురులో చూసుకునేదాకా ఇస్త్రీ చేయకూడదు. కొంచెం మిగిలిన మరక మీద ఇస్త్రీ పెట్టె తిరిగిందంటే ఇక అది బట్టలో భాగమే.

బోరు నీళ్లు వాడే ఇళ్లవాళ్లు ఒకటి గమనించాలి. ఉప్పు నీళ్లలో సబ్బు సరిగ్గా నురగ రాదు, తెల్లటి మడ్డి తేలుతుంది. ఆ మడ్డి మరక మీద పేరుకుంటే తెల్ల కుర్తాలు బూడిద రంగులోకి దిగుతాయి. మరక తీసే మొదటి ఉతుకుడుకైనా ఒక బకెట్ మున్సిపాలిటీ నల్లా నీళ్లు గానీ, పట్టి పెట్టుకున్న వాన నీళ్లు గానీ ఉంటే మేలు.

బిర్యానీ, సాలన్, హలీం

ఇందులో మొదట తీయాల్సింది జిడ్డు. నెయ్యి ఉన్నంతసేపు పసుపును ఎంత ఉతికినా లాభం లేదు, ఎందుకంటే పసుపులోని రంగు నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. నెయ్యే ఆ రంగును పోగుల్లోకి మోసుకెళ్తుంది.

పైన ఉన్నది ఎత్తేశాక మరక మీద టాల్కమ్ పౌడరో, పొడి శనగపిండో చల్లి 20 నిమిషాలు వదిలేయాలి. పొడి జిడ్డును పీల్చుకుంటుంది. దులిపేశాక గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి వేళ్లతో మెల్లగా రాసి, పది నిమిషాల తర్వాత గోరువెచ్చని నీళ్లతో జాడించాలి. బట్టల సబ్బు కంటే గిన్నెల లిక్విడే ఇక్కడ మెరుగు, అది తయారైందే జిడ్డు కోసం. బట్టను వేళ్ల మధ్య పట్టుకుంటే ఇంకా జారుడుగా ఉందంటే జిడ్డు పోలేదన్నట్టు. మళ్లీ ఒకసారి చేయాలి. హలీం గానీ పెరుగు చట్నీ గానీ అయితే ఈ జాడింపు మొదట చన్నీళ్లతో చేసి, ఆ తర్వాతే గోరువెచ్చని నీళ్లకు వెళ్లాలి.

ఇప్పుడు పసుపు మిగులుతుంది. సబ్బు తగలగానే పసుపు మరక ఎర్రగా మారుతుంది. చాలామంది ఇది చూసి బెదిరిపోయి, మరక ముదిరిందనుకుని ఇంకా గట్టిగా రుద్దుతారు. భయపడాల్సింది ఏమీ లేదు. పసుపు, సున్నం కలిస్తే పారాణి ఎర్రబడినట్టే సబ్బులోని క్షారానికి పసుపు ఎర్రబడుతుంది. బాగా జాడిస్తే మళ్లీ పసుపు రంగుకు వస్తుంది.

ఆ మిగిలిన రంగుకు అసలైన మందు ఎండ. పసుపు రంగు వెలుతురుకు నిలవదు. తెల్ల కాటన్ కుర్తానో, దస్తర్‌ఖాన్ గుడ్డనో తడిగా ఉన్నప్పుడే మరక పైకి కనపడేలా నేరుగా ఎండలో వేస్తే, ఒకటి రెండు రోజుల్లో చాలావరకు వెలిసిపోతుంది. బ్లీచింగ్ డబ్బా తీసేముందు ఈ ఖర్చు లేని మార్గం చూడటం మంచిది. రంగు బట్టలైతే ఎండకు బట్ట రంగు కూడా వెలుస్తుంది కాబట్టి గంటగంటకు చూసుకుంటూ ఉండాలి.

దుకాణంలో వేసే కృత్రిమ రంగు, జర్దా అన్నంలో వేసే నారింజ రంగు మాత్రం ఎండకు అంత తేలిగ్గా లొంగవు. కాటన్ అయితే ఆక్సిజన్ బ్లీచ్ అని రాసి ఉండే మరకల పొడిని గోరువెచ్చని నీళ్లలో కలిపి, ప్యాకెట్ మీద చెప్పినంతసేపు నానబెట్టాలి. ఎర్ర షర్బత్ మరకకూ ఇదే దారి. అయితే దానికి ముందు చన్నీళ్లతో చక్కెరను పూర్తిగా కడిగేయాలి. చక్కెర మిగిలితే ఇస్త్రీ వేడికి గోధుమ రంగు వస్తుంది.

చాయ్

చాయ్ పడగానే చన్నీళ్లు. పాలు ఉన్నాయి కాబట్టి మొదటే వేడినీళ్లు వద్దు. తర్వాత ద్రవ డిటర్జెంట్ రాసి పావుగంట ఉంచాలి. ఇక్కడ సబ్బు బిళ్ల వాడకపోవడం మంచిది, ఆకు రంగు సబ్బుతో కలిసి ఇంకా గట్టిపడుతుంది. జాడించాక గోధుమ రంగు మిగిలితే ఒక చెంచా తెల్ల సిర్కా, రెండు చెంచాల నీళ్లు కలిపి అద్ది, కాసేపటికి కడిగేయాలి. పాలు లేని సులేమానీ చాయ్ అయితే కాటన్ మీద గోరువెచ్చని నీళ్లు మొదటి నుంచే వాడొచ్చు.

మెహందీ

గోరింటాకు రంగు చర్మాన్ని, జుట్టును పట్టుకున్నట్టే పట్టును, ఉన్నిని కూడా పట్టుకుంటుంది. ఈ నాలుగూ మాంసకృత్తులతో అయినవే. కాటన్‌కు అంత గట్టిగా పట్టదు. అందుకే ఒకే రాత్రి పడిన మరక కాటన్ దుపట్టా మీద తేలిగ్గా పోయి, పట్టు బ్లౌజు మీద ఉండిపోతుంది.

ముద్ద పడిందని చూడగానే ఎత్తి తీసేయాలి. ఆరిపోయేదాకా ఆగుదాం, రాలిపోతుందిలే అనుకుంటే అంతసేపూ రంగు దిగుతూనే ఉంటుంది. వెంటనే చన్నీళ్లు, డిటర్జెంట్. తెల్ల కాటన్ మీద నారింజ మచ్చ మిగిలితే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్కలు వేసి అరగంట చూడాలి. మెడికల్ షాపులో 6 శాతం సీసా ఇస్తే దానికి సమానంగా నీళ్లు కలుపుకోవాలి. పట్టు మీద పడితే ఇంట్లో ప్రయోగాలు చేయకుండా, ముద్ద తీసేసి, చన్నీళ్ల తడిగుడ్డతో అద్ది, మర్నాడే డ్రై క్లీనింగ్‌కు ఇవ్వడం మంచిది.

రక్తం, పాకీ విషయం

బహిష్టు మరకలు, దెబ్బ తగిలిన రక్తం, బక్రీద్ నాడు మాంసం పంచేటప్పుడు పడిన చుక్కలు అన్నిటికీ నియమం ఒక్కటే, చన్నీళ్లు. గుడ్డు ఉడికితే గట్టిపడినట్టే రక్తంలోని మాంసకృత్తులు వేడికి గట్టిపడి పోగుల్ని పట్టుకుంటాయి. తాజా మరక చన్నీళ్ల ధార కిందే చాలావరకు పోతుంది. ఎండిన మరకను ముందు గోటితో గీకి, ఉప్పు కలిపిన చన్నీళ్లలో గంటసేపు నానబెట్టి, సబ్బుతో ఉతకాలి. తెల్ల కాటన్ మీద మిగిలితే పెరాక్సైడ్ వేయాలి. నురగ పొంగుతుంది, ఆ నురగను అద్ది తీసేసి మళ్లీ వేయాలి. రంగు బట్టల మీద మాత్రం లోపలి కుట్టు దగ్గర పరీక్షించకుండా వేయకూడదు.

చాలామంది ఆడవాళ్లకు ఇక్కడ ఒక సందేహం ఉంటుంది. ఎంత ఉతికినా లేత మచ్చ మిగిలిపోతే ఆ బట్టతో నమాజు అవుతుందా? హజ్రత్ అస్మా (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీలో ఉంది. బట్టకు బహిష్టు రక్తం అంటితే ఏం చేయాలని ఒక స్త్రీ అడిగినప్పుడు దైవప్రవక్త (స) దాన్ని గీకి, నీళ్లతో వేళ్ల మధ్య నలిపి, కడిగి, అందులోనే నమాజు చేసుకోవచ్చని చెప్పారు. కడిగినా మచ్చ పోకపోతే ఎలా అన్న ప్రశ్న ఖౌలా బిన్తె యసార్ (రజి) అడిగారని అబూదావూద్ గ్రంథంలో ఉంది. నీళ్లతో కడగడం చాలు, మిగిలిన ఆనవాలు వల్ల నష్టం లేదన్నది ఆ జవాబు సారాంశం. అంటే అసలు అశుద్ధం పోయాక, కష్టపడినా పోని రంగు మాత్రమే మిగిలితే ఆ బట్ట పాక్ అయినట్టే. ఆ మచ్చ కోసం యాసిడ్‌లు పోసి బట్టను చింపుకోవాల్సిన పని లేదు. ఇక కూర, చాయ్, మెహందీ మరకలు నజాసత్ కిందికే రావు. అవి ఉన్నా నమాజు చెల్లుతుంది, శుభ్రంగా కనపడటం మాత్రం వేరే సంగతి.

వాషింగ్ మెషీన్ ఉన్న ఇళ్లలో రక్తం గానీ, పిల్లల మూత్రం గానీ అంటిన బట్టను నేరుగా మిగతా బట్టలతో కలిపి వేయకూడదు. ముందు విడిగా నల్లా కింద మూడుసార్లు కడిగి, ప్రతిసారీ పిండి, ఆ తర్వాత మెషీన్‌లో వేస్తే సందేహం ఉండదు. మరకకు కూడా అదే మేలు. ప్రత్యేక సందర్భాలు ఏవైనా ఉంటే దగ్గరలోని ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి.

అత్తర్, చెమట, టోపీ అంచు

అత్తర్ నూనెతో చేసింది. జుమా నాడు తెల్ల కుర్తా ఛాతీ మీద రాసుకుంటే అక్కడ పసుపుపచ్చ మచ్చ తయారవుతుంది, ఉతికిన కొద్దీ ముదురుతుంది. మణికట్టు మీద, చెవి వెనక రాసుకుంటే ఈ బెడదే లేదు. పడిన మచ్చకు నెయ్యి మరకకు చెప్పిన పద్ధతే. టోపీ లోపలి అంచున పట్టే తలనూనె నలుపుకు, కాలర్ మడత మురికికి కూడా గిన్నెల లిక్విడ్, పాత టూత్ బ్రష్ చాలు.

చంకల కింద వచ్చే పసుపు మచ్చలు ఒట్టి చెమట వల్లే కాదు. చెమటను ఆపే రోల్-ఆన్‌లలోని అల్యూమినియం లవణాలు చెమటతో కలిసి అలా గట్టిపడతాయి. దీనికి క్లోరిన్ బ్లీచింగ్ వేస్తే పసుపు ఇంకా పెరుగుతుంది. తినే సోడాను ముద్దలా కలిపి రాసి అరగంట ఉంచాలి. లేదా తెల్ల సిర్కా నీళ్లలో నానబెట్టి ఉతకాలి. మొండి మచ్చ మూడు నాలుగు ఉతుకుళ్లు తీసుకుంటుంది.

పాన్, తుప్పు, ఇంకు

పాన్ మరక గురించి ఉన్నమాట చెప్పాలంటే, పాతబడితే పూర్తిగా పోదు. కాచు రంగు చాయ్ రంగు లాంటిదే, సున్నంతో కలిసి ముదురు ఎరుపు అవుతుంది. తాజాగా ఉన్నప్పుడు నిమ్మరసం గానీ పుల్లటి మజ్జిగ గానీ రాసి, కడిగి, కాటన్ అయితే ఆక్సిజన్ బ్లీచ్ పొడిలో నానబెడితే లేతబడుతుంది.

హిజాబ్ పిన్నులు, సేఫ్టీ పిన్నులు స్కార్ఫ్‌కే ఉంచి ఉతికితే గుచ్చిన చోట చిన్న గోధుమ చుక్కలు పడతాయి. అది తుప్పు. నిమ్మరసంలో ఉప్పు కలిపి చుక్కల మీద వేసి ఎండలో పెట్టి, ఆరకముందే మళ్లీ తడిపి, గంటకు కడిగేయాలి. క్లోరిన్ బ్లీచింగ్ మాత్రం వేయకూడదు, తుప్పు ఇంకా గట్టిపడుతుంది. బోరు నీళ్లలో ఇనుము ఉన్న ఊళ్లలో బ్లీచింగ్ వేసిన తెల్ల బట్టలు మొత్తం పసుపెక్కడానికి కారణం కూడా ఇదే.

బడి యూనిఫాం మీద బాల్ పెన్ గీతకు కింద దళసరి తెల్ల గుడ్డ పెట్టి, పైన స్పిరిట్ గానీ శానిటైజర్ గానీ దూదితో అద్దాలి. రంగు కింది గుడ్డలోకి దిగుతుంది. గుడ్డ జరుపుతూ పోవాలి, లేకపోతే వచ్చిన రంగే మళ్లీ ఎక్కుతుంది. పని అయ్యాక నీళ్లతో బాగా జాడించి ఉతకాలి. స్పిరిట్ మండే వస్తువు, వంటింట్లో పొయ్యి దగ్గర ఈ పని వద్దు. కిరోసిన్, పెట్రోల్‌తో మరకలు తీసే పాత అలవాటు అసలే వద్దు.

పట్టు, జరీ, జానమాజ్

పట్టుకు, ఉన్నికి వాషింగ్ సోడా, క్లోరిన్ బ్లీచింగ్ రెండూ శత్రువులు. ఎంజైమ్‌లు ఉన్న డిటర్జెంట్ కూడా వద్దు, రక్తం మరకలోని మాంసకృత్తుల్ని తినే ఎంజైమే పట్టునూ తింటుంది. పాతకాలం కుంకుడుకాయ రసమే వీటికి ఇప్పటికీ మంచిది. గింజలు తీసి, రాత్రి నానబెట్టి, పిసికి వడగట్టిన రసం చన్నీళ్లలో కలిపి ముంచి తీయాలి. పిండకుండా తువాలులో చుట్టి తడి లాగి, నీడలో ఆరేయాలి. కుంకుడు రసం లేత గోధుమ రంగులో ఉంటుంది కాబట్టి తెల్లటి, లేత రంగు పట్టుకు వాడేముందు చూసుకోవాలి.

ఖడా దుపట్టా మీద జర్దోజీ, గోటా ఉన్న చోట నీళ్లు, నిమ్మ, సిర్కా ఏవీ తగలనివ్వకూడదు. జరీ నల్లబడుతుంది. సెంటు స్ప్రే కూడా జరీకి దూరంగా ఉండాలి.

మఖ్మల్ జానమాజ్ మీద ఏదైనా ఒలికితే మొత్తం నీళ్లలో ముంచకుండా, ముందు పొడి గుడ్డతో అద్ది, సబ్బు నురగ మాత్రమే గుడ్డకు తీసుకుని మరక మీద అద్దాలి. తర్వాత తడిగుడ్డతో నురగ తీసేసి, గాలికి ఆరేయాలి. నజాసత్ అయితే నురగతో సరిపోదు. ఆ భాగాన్ని నీళ్లు పోసి కడగాలి. అందుకని ఉతకడానికి వీలైన కాటన్ జానమాజ్ ఒకటి చిన్నపిల్లలున్న ఇంట్లో ఉంచుకోవడం మంచిది.

కలపకూడనివి

మరక పోవట్లేదని ఒకదాని మీద ఒకటి పోయడం ప్రమాదం. క్లోరిన్ బ్లీచింగ్‌లో సిర్కా, నిమ్మరసం, బాత్రూం యాసిడ్, టాయిలెట్ క్లీనర్ ఏది కలిసినా క్లోరిన్ గ్యాస్ వస్తుంది. తలుపులు మూసిన చిన్న బాత్రూంలో ఇది ప్రాణాంతకం. అమ్మోనియా ఉన్న క్లీనర్‌తో కలిపినా విషవాయువే. కళ్లు మండి, దగ్గు మొదలైతే బకెట్ సర్దుతూ కూర్చోకుండా వెంటనే బయటికి రావాలి. ఊపిరి ఆడటం కష్టంగా ఉంటే ఆసుపత్రికి వెళ్లాలి. ఒక మందు వాడి మరొకటి వాడాలంటే మధ్యలో బట్టను బాగా జాడించడం తప్పనిసరి. ఇవేవీ కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి పెట్టకూడదు, పిల్లలు తాగేస్తారు.

డ్రై క్లీనింగ్‌కు ఇచ్చేటప్పుడు

బట్ట చేతికిచ్చి వచ్చేయకుండా మరక ఎక్కడుందో చూపించి, అది దేనిదో, ఎప్పుడు పడిందో, ఇంట్లో దాని మీద ఏం వేశారో చెప్పాలి. కాగితం ముక్క మీద రాసి పిన్నుతో గుచ్చడం కాకుండా దారంతో కట్టినా సరే. మెహందీ అని తెలిస్తే వాడే మందు వేరు, నెయ్యి అని తెలిస్తే వేరు. బట్ట తిరిగి తీసుకునేటప్పుడు ప్లాస్టిక్ కవర్ అక్కడే తీసి, వెలుతురులో చూసుకుని, ఆ తర్వాత డబ్బులు కట్టాలి. ఇంటికొచ్చాక ఆ కవర్ లోనే బీరువాలో పెట్టకుండా కాసేపు గాలికి ఆరేసి, పాత కాటన్ గుడ్డలో చుట్టి దాచాలి.